రేడియో ప్యారడైజ్ ఆర్నెల్లు విన్నంక చెప్తున్న

నేను టీచర్ని, ఉండేది హన్మకొండల, స్కూలేమో పరకాల దిక్కు. పొద్దున ఐదింటికి లేస్తే బస్సెక్కేదాక చేతులకు ఖాళీ ఉండదు, సాయంత్రం వచ్చినంక పేపర్లు దిద్దుడు, పిల్లగాని చదువు, ఇగ పాటలెక్కడివి. పెండ్లికి ముందు కొత్త క్యాసెట్ తెచ్చుకుంటే టేపు అరిగేదాక విన్నదాన్ని, అసొంటిది ఇరవై ఏండ్ల సంది అవే పాటలు తిప్పి తిప్పి వింటున్ననని పోయినేడాది ఒకరోజు సమజైంది, మస్తు బాధనిపించింది. ఒక మ్యూజిక్ యాప్‌కు పైసలు కూడా కట్టిన. అది నిన్న విన్నదాని అసొంటిదే ఇయ్యాల పెడ్తది, రేపు మళ్ల అదే. కొత్తది కావాలంటే నేనే వెతుక్కోవాలె, ఆ వెతికే టైమే కదా లేనిది.

స్టాఫ్‌రూంల ఫిజిక్స్ సారు చెప్పిండు, మేడం రేడియో ప్యారడైజ్ పెట్టుకోండ్రి, మీరేం ఎంచుకునే పని లేదు అని. ఇది ఇంటర్నెట్ రేడియో, 2000ల కాలిఫోర్నియాల ప్యారడైజ్ అనే ఊర్ల బిల్ గోల్డ్‌స్మిత్, రెబెక్కా అనే భార్యాభర్తలు మొదలుపెట్టిన్రు. ఆయన అంతకుముందు ఎఫ్ఎం రేడియోల పనిచేసిన మనిషి. ప్రకటన ఒక్కటి గూడ రాదు, వినేటోళ్లు ఇష్టంగ ఇచ్చే పైసలతోటే నడుస్తది, మనం ఏం ఇయ్యకున్నా మొత్తం వినొచ్చు. అసలు సంగతి ఏందంటే పాటలు మనుషులే ఏరి పెడ్తరు. ఒక పాట అయిపోతాంటే దాని చివరి స్వరం పట్టుకొని ఇంకో పాట లేస్తది, ముందుది పాత రాక్ అయితే ఎనకది ఆఫ్రికా గిటార్ కావొచ్చు, అయినా కుదురుతది. పెండ్లి భోజనంల వడ్డించేటోడు విస్తరి చూసి ఇప్పుడు ఏదెయ్యాల్నో తెలుసుకున్నట్టు ఉంటది.

నేను వినేది వంటింట్ల. ఫోను స్టీలు గిన్నెల నిలబెడ్తె చప్పుడు గదంతా వస్తది, స్పీకర్ కొనాల్సిన పని లేదు. ఒక ఆదివారం సర్వపిండి చేస్తున్న, బియ్యప్పిండిల నానబెట్టిన శెనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం ఏసి కలిపి గిన్నెకు ఒత్తుతున్న, చేతులు మణికట్టు దాక పిండే. అప్పుడొక పాట మొదలైంది, భాష తెలువది, గొంతు బొంగురు, గిటార్ ఒకటే వరుస తిరుగుతాంది, చప్పట్లు. యాప్‌ల స్కిప్ బటన్ ఉన్నది, చేతులు మంచిగుంటే కొట్టేదాన్నే, అబద్ధమెందుకు. పిండిల వేలితో తూట్లు పెట్టుకుంట, తూట్లల్ల నూనె పోసుకుంట విన్న. నిమిషం దాటేసరికి ఒకరు చరణం అందిస్తాంటే మిగితోళ్లు ఎత్తుకుంటున్రని వినవడ్డది. మా అత్తమ్మ సాయబాన్ల కూసున్నది, “ఇది మన బతుకమ్మ పాట లెక్కనే ఉన్నది గద బిడ్డా, ఒకలు చెప్తె అందరు అందుకుంటున్రు” అన్నది. నిజంగనే అట్లనే ఉన్నది. చేతులు కడుక్కొని చూస్తే టినారివెన్ అని గ్రూపు పేరు, సహారా ఎడారిల మాలి దేశం టువారెగ్ తెగోళ్లు, 2012ల గ్రామీ అవార్డు కూడా వచ్చింది. తెల్లారి బస్సుల వాళ్ల గురించి చదివిన, ఆ గ్రూపు పెట్టిన ఇబ్రహీం చిన్నప్పుడు డబ్బాకు కర్ర కట్టి సైకిల్ బ్రేక్ వైరుతోటి మొదటి గిటార్ చేసుకున్నడట. చదివినంక మళ్ల విన్న, గూడెప్పాడ్ దాటేదాక అదే పాట.

ఇప్పుడు నచ్చిన పేర్లన్నీ వంటింట్ల క్యాలెండర్ మీద ఆ తారీఖు గడిలనే రాస్తున్న, పాల లెక్క పక్కన. నెల మారితే ఆ కాగితం పారేస్తలేను, దాస్తున్న.

యాప్‌ల మెయిన్, మెల్లో, రాక్, గ్లోబల్ అని మిక్స్‌లున్నయి. పాట పేరు, పాడినోళ్ల వివరం తెర మీదనే కనవడ్తయి, అదొక్కటి పాత రేడియోల లేకుండె, చిన్నప్పుడు ఆకాశవాణిల మంచి పాటొచ్చి పోతే అది ఏదో ఇగ తెల్వకపోయేది. కొంత ప్రోగ్రాం ముందుగాలనే ఫోన్ల దాచిపెట్టుకునే సౌకర్యం ఉన్నది, బస్సుల సిగ్నల్ పోయినా ఆగది. డేటా గురించి అడుగుతరు గాబట్టి చెప్తున్న, పాట క్వాలిటీ 128 కేబీపీఎస్ల (సెకనుకు ఎంత డేటా వస్తదో ఆ లెక్క) పెడ్తె గంటకు 58 ఎంబీ దాక, 320ల పెడ్తె 144 ఎంబీ అయితది, రోజుకు 1.5 జీబీ ప్యాకున్నోళ్లకు 128 చాలు. ఫ్లాక్ క్వాలిటీ కూడ ఉన్నది, పాటల ఏమీ తగ్గియ్యకుండ పంపేది, డేటా మస్తు తింటది, అది ఇంట్ల వైఫై మీదనే పెట్టుకోండ్రి.

తెలుగు పాటల కోసమైతే ఇది కాదు. దానికి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌ల ఆకాశవాణి స్టేషన్లున్నయి, రెండు వందలకు పైనే. టైమున్న రోజు రేడియో గార్డెన్ తెరుస్త, భూగోళాన్ని వేలుతో తిప్పి ఏ పచ్చ చుక్క మీద ఆపితే ఆ ఊరి రేడియో పలుకుతది. మా పిల్లగానికి అదే ఇష్టం, కని అక్కడ మనం తిప్పాలె, చూడాలె, పొద్దటి వంట కాడ నాకది కుదరది.

ఇంగ్లీషు పాటలు అలవాటు లేనోళ్లు మెయిన్ మిక్స్‌తోటి మొదలుపెట్టకుండ్రి, గ్లోబల్ పెట్టుండ్రి. ఒక వారం చేతులు ఖాళీ ఉండని పని ముందటేసుకొని వినుండ్రి, బట్టలు పిండుడో, చపాతీలు ఒత్తుడో ఏదైనా సరే, ఫోను మాత్రం చేతికి అందకుండ పెట్టుకోండ్రి.