విజయవాడలో ఒక జేఈఈ కోచింగ్ సంస్థ: పాఠాలు మెచ్చదగినవి, ప్రకటనలు కావు

మా అబ్బాయి రెండేళ్లు చదివిన ఈ సంస్థలో భౌతికశాస్త్రం, గణితం బోధించే అధ్యాపకులు నిజంగా సమర్థులు. సందేహాలు అడిగిన పిల్లలతో సాయంత్రం పొద్దుపోయేదాకా ఓపికగా కూర్చునేవారు. భోజనం, వసతి ఫరవాలేదు.

నా అభ్యంతరమంతా మమ్మల్ని అక్కడికి రప్పించిన ఫలితాల ప్రకటన గురించే. ర్యాంకులు సాధించిన వారి ఫోటోలు పేజీ నిండా ఉన్నాయి గానీ, మొత్తం ఎంతమంది పరీక్ష రాస్తే అంతమందికి ర్యాంకులు వచ్చాయో ఎక్కడా లేదు. ఆ సంఖ్య తెలియనిదే, అన్ని శాఖల్లోని వేలాది విద్యార్థుల నుంచి ఏరిన కొద్దిమందిని చూసి మన బిడ్డకున్న అవకాశాన్ని అంచనా వేయలేము. పైగా అందరినీ కలిపి ఇచ్చే ఓపెన్ ర్యాంకులను, ఒక్కో రిజర్వేషన్ వర్గం లోపల ఇచ్చే కేటగిరీ ర్యాంకులను ఒకే వరుసలో ముద్రించారు. కేవలం టెస్ట్ సిరీస్ (నమూనా పరీక్షలు) రాసినవారిని కూడా తమ తరగతి గదుల్లో చదివినవారిగానే చూపారని తరువాత తెలిసింది.

పర్సంటైల్ విషయంలో నేను కూడా పొరబడ్డాను. 99 పర్సంటైల్ అంటే నూటికి 99 మార్కులని అనుకున్నాను. నిజానికి, పరీక్ష రాసినవారిలో నూటికి 99 మంది ఆ విద్యార్థితో సమానంగా గానీ అంతకన్నా తక్కువగా గానీ మార్కులు తెచ్చుకున్నారని దానర్థం. 2024లో జేఈఈ మెయిన్ రాసినవారు 14 లక్షలకు పైనే కాబట్టి, ఆ పర్సంటైల్ దగ్గర ఉన్న విద్యార్థికి ముందు దాదాపు 14 వేల మంది ఉంటారు. ఈ మాట మా అబ్బాయిని చేర్చిన రోజునే సంస్థ కౌన్సెలర్ మాకు చెప్పి ఉండవలసింది.

విజేత ఏ కోర్సులో, ఎంతకాలం చదివాడో ప్రకటనలోనే తెలపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. చేర్చదలచిన తల్లిదండ్రులు ఆ వివరాలతో పాటు, తమ బిడ్డ చేరబోయే శాఖలో నిరుడు పరీక్ష రాసినవారి మొత్తం సంఖ్యను రాతపూర్వకంగా అడగండి. బోధనకు నాలుగు నక్షత్రాలు, ప్రకటనకు ఒక్కటి.