మోకాళ్ల నొప్పితో మిద్దెతోట: పిడుల పీట చాలాకాలం వాడాక

తోటపని కోసం అమ్మే మడత పీట ఒకటుంది. ఇనుప గొట్టాల ఫ్రేము, మధ్యలో మెత్తటి ఫోమ్ పలక. ఒకవైపు నిలబెడితే కూర్చునే స్టూలు. తిరగేస్తే పలక నేలకు దగ్గరగా వస్తుంది, దాని మీద మోకాళ్లు ఆనించి పని చేసుకోవచ్చు, రెండు పక్కలా కాళ్లు పైకి లేచి పట్టుకునే పిడులవుతాయి. మా మిద్దెతోటలో మూడో ఎండాకాలం కూడా దాంతోనే గడిచింది కాబట్టి ధైర్యంగా చెప్పగలను: స్టూలుగా బంగారం. మోకాళ్లు ఆనించడానికి మాత్రం, చిప్ప దగ్గర నొప్పి ఉన్నవాళ్లకు పనికిరాదు. ఫోమ్ ఎంత మెత్తగా ఉన్నా ఒంటి బరువు ఆ చిప్ప మీదే పడుతుంది. మోకీలు మార్పిడి చేయించుకున్న మా వదినగారు కూడా ఒకసారి ప్రయత్నించి వద్దన్నారు. ఆ ఆపరేషన్ అయిన చాలామందికి మోకాళ్ల మీద కూర్చోవడం ఇబ్బందిగానే ఉంటుందట.

నాకు రెండు మోకాళ్లూ అరిగాయి. ఇంట్లోవాళ్లు మిద్దె ఎక్కొద్దన్నారు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మాత్రం "తోట మానకండి ఆంటీ, గొంతుకూర్చోవడం మానండి" అంది. కదలకుండా ఉంటే తొడ కండరం బలం తగ్గి, ఆ భారం కూడా కీలు మీదే పడుతుందని వివరంగా చెప్పింది. ఆ మాట వినే ఈ పీట కొన్నాను. 2,500 రూపాయల దాకా అయింది.

దీంట్లో అసలు ఉపయోగం లేచేటప్పుడు తెలుస్తుంది. తోటలో పని చేస్తున్నంతసేపూ ఏమీ అనిపించదు, లేవబోతేనే ప్రాణం పోతుంది కదా. ఎత్తు సరిపోయే పీట మీద నుంచి లేస్తే ఆ బాధ సగానికి సగం తగ్గింది. చేతులతో ఏమీ పట్టుకోకుండా, నెమ్మదిగా లేచి మళ్లీ కూర్చోవడం ఆ అమ్మాయి చెప్పిన వ్యాయామం కూడా. తోటకూర కోస్తూ మధ్యమధ్యలో అదీ అయిపోతుంది. పీటను తిరగేసి వాడేవాళ్లు పిడులు నొక్కి లేస్తారు కాబట్టి బరువంతా మణికట్టు, భుజాల మీదకు వెళ్తుంది. అక్కడ నొప్పి ఉంటే ఆలోచించుకోండి.

లోపాలూ ఉన్నాయి. పనిముట్లు పెట్టుకోవడానికి పక్కన తగిలించిన గుడ్డ సంచి మొదటి వేసవి ఎండకే చివికిపోయింది. వానలో వదిలేస్తే మడత దగ్గర తుప్పు పడుతుంది. సిమెంటు మిద్దె మీద కదలదు గానీ, మా అమ్మగారి ఊళ్లో పెరటి తడినేల మీద వేస్తే కాళ్లు దిగబడి పక్కకు ఒరిగింది. అడుగున చెక్క పలక వేసుకోవాల్సిందే.

అయితే ఒక్క పీటతో తోట సాగదు. మనం మొక్క దగ్గరకు వంగడం కంటే మొక్కను మన ఎత్తుకు తేవడమే మేలని నాకు గట్టిగా అనిపిస్తుంది. పాలకూర, కొత్తిమీర, మెంతికూర లాంటి తరచూ కోసే ఆకుకూరలన్నీ నడుమెత్తు ఇనుప స్టాండు మీదకు మార్చాం. బీర, దొండ పందిరికి పోతాయి, వాటితో పేచీ లేదు. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గ్రో బ్యాగులో ఇరవై లీటర్లకు పైగా మట్టి పడుతుంది, తడిస్తే అది ఎత్తే బరువు కాదు. అందుకే మట్టి తగ్గించి కొబ్బరిపొట్టు, వర్మికంపోస్టు ఎక్కువ కలుపుతాను. స్టాండ్లను మిద్దె మధ్యలో కాకుండా దూలాలు, గోడలు ఉన్నచోట పెట్టించారు మావారు. నీళ్లకు బకెట్లు మానేసి డ్రిప్ వేయించాం.

బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నవాళ్లకు ఇంకొకటి చెప్పాలి. కుర్పీ పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టితే లావై, గట్టిగా బిగించి పట్టే పని తప్పుతుంది. కొమ్మలు కత్తిరించడానికి విడతలు విడతలుగా నొక్కే రాచెట్ కట్టర్ తీసుకోండి.

వానాకాలంలో పాచి పట్టిన మిద్దె మీద జారితే మోకాళ్లతో పోదు. నడిచే దారి బ్లీచింగ్‌తో రుద్దించాకే పైకి వెళ్తాను. ఒకే పని అరగంటకు మించి చేయను, కలుపు తీయడం ఆపి పాదు కట్టడమో, కాయలు కోయడమో మొదలుపెడతాను. మర్నాటికీ నొప్పి తగ్గకపోతే ఆ రోజు పని తగ్గించుకోవాలి. కీలు వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే మాత్రం తోట పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

కొనేవాళ్లు ఫొటో చూసి కొనకండి. ఎవరింట్లోనైనా ఉంటే ఒకసారి కూర్చుని చూడండి. పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి, మోకాళ్లు తుంటి కంటే పైకి రాకూడదు. ఎత్తు తక్కువైన పీట ఎంత చవకగా వచ్చినా మన మోకాళ్లకు పనికిరాదు.