మూడేళ్లుగా వాడుతున్న రౌటర్, అందులో నాకు నచ్చిన ఒకే ఒక్క పేజీ

స్పీడు, యాంటెన్నాలు అవన్నీ అందరూ రాసేశారు, వాటి జోలికి పోను. దీన్ని తిట్టుకుంటూనైనా ఉంచుకున్నానంటే కారణం సెట్టింగ్స్‌లో ఉన్న అడ్రస్ రిజర్వేషన్ పేజీ, అంటే ఏ వస్తువుకి ఎప్పుడూ ఏ నంబరు ఇవ్వాలో రాసిపెట్టే చోటు.

కరెంటు పోయొచ్చినప్పుడల్లా మా ప్రింటర్‌కి ఐపీ (ఇంటి నెట్‌వర్క్‌లో రౌటర్ ఇచ్చే నంబరు) మారిపోయేది, నిన్న 192.168.0.103 అయితే ఇవాళ 107, లాప్‌టాప్ ఏమో పాత నంబర్నే పట్టుకుని ఆఫ్‌లైన్ అని కూర్చునేది. ప్రింటర్ వెనక స్టిక్కర్ మీద మ్యాక్ అడ్రస్ (రౌటర్ ఆ వస్తువుని గుర్తుపట్టే కోడ్) ఫోన్ టార్చ్ వేసి చదివి, దానికి 192.168.0.20 రాసిచ్చేశా, మళ్లీ ఆ గొడవ లేదు.

అసలు కథ సంక్రాంతికి జరిగింది. కెమెరాలు బిగించిన అబ్బాయి డీవీఆర్‌లోనే (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె) 192.168.0.120 అని కొట్టి వెళ్లాడు. రౌటర్ అందరికీ పంచేది 100 నుంచి 199 దాకా, అంటే ఈ 120 కూడా అందులోదే. మా ఇంట్లో పది వస్తువులు దాటవు కాబట్టి ఏడాది పాటు అక్కడిదాకా ఎవరి వంతూ రాలేదు. పండక్కి చుట్టాలు పదిహేను ఫోన్లతో దిగారు, అప్పుడే కరెంటు పోయింది, రౌటర్ ఇన్వర్టర్ మీదుంది గానీ డీవీఆర్ లేదు, అది ఆరిపోయి ఉన్న ఆ అరగంటలో 120 కాస్తా మా బావ ఫోన్‌కి వెళ్లింది. కరెంటొచ్చాక ఇద్దరిదీ ఒకటే నంబరు! ఫోన్‌లో కెమెరా చూస్తే పది సెకన్లు వచ్చి ఆగడం, టీవీకి కలిపిన వైర్లో మాత్రం బొమ్మ శుభ్రంగా ఉండటం. "మీ ఇంటికొస్తే నెట్ కూడా ఇవ్వవా" అని బావ. మూడుసార్లు రౌటర్ ఆపి వేశా, నెట్ వాళ్లనీ తిట్టా పాపం. చివరికి రౌటర్ లిస్టులో 120 పక్కన బావ ఫోన్ పేరు కనపడింది. డీవీఆర్‌ని రౌటర్ ఇచ్చే నంబరే తీసుకునేలా ఆటోమేటిక్‌లో పెట్టి, రౌటర్లో దానికి 21 రిజర్వ్ చేశా.

ఒకసారి పెడితే మర్చిపోవచ్చని ఆఫీసులో చెప్పుకు తిరిగా గానీ అది పూర్తి నిజం కాదు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగా తమ నిజమైన మ్యాక్ బదులు ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తాయి, వైఫై సెట్టింగ్స్‌లో అది మార్చకపోతే మీరు స్టిక్కర్లోనో ఫోన్ అబౌట్ పేజీలోనో చూసి రాసింది పనిచేయదు. పైగా పోయినేడు రౌటర్ రీసెట్ కొట్టాల్సొచ్చి తొమ్మిది ఎంట్రీలూ గల్లంతు, బ్యాకప్ తీసుకోవాలన్న బుద్ధి లేదు నాకు.

ఫోన్లూ టీవీ తప్ప ఇంకేం లేని ఇంట్లో ఈ పేజీ తెరిచే పనే ఉండదు, దీనికోసమని ఈ రౌటర్ కొనమని చెప్పను. కరెంటు కోతలు, కెమెరాలు, ప్రింటరు ఉన్న మాలాంటి కొంపకైతే పర్లేదు. నంబర్లన్నీ ఇప్పుడు పాల లెక్క పుస్తకం చివరి పేజీలో ఉన్నాయి.