హోస్ట్ ఐడీ, మెషిన్ ఐడీ, బోర్డు యూయూఐడీ: ఫైల్‌సిస్టమ్‌కి ఏది మేలు?

ఒకే డిస్క్‌ రెండు లైనక్స్ మెషిన్లకి కనిపించే చోట ఫైల్‌సిస్టమ్ ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: చివరిసారి నన్ను వాడింది ఈ మెషినేనా, వేరొకటా? అందుకే జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ తన పూల్ (కలిపి వాడే డిస్క్‌ల గుంపు) లేబుల్‌లో హోస్ట్ ఐడీ, అంటే మెషిన్‌ని గుర్తించే అంకె, రాసిపెట్టుకుంటుంది. ఎక్స్‌పోర్ట్ చేయని (పాత మెషిన్ పద్ధతిగా వదిలేయని) పూల్‌లో వేరే ఐడీ కనిపిస్తే ఇంపోర్ట్ (పూల్‌ని తెరవడం) ఆపేస్తుంది. రెండు మెషిన్లకీ అదే ఐడీ ఉంటే ఆ కాపలా ఉన్నా లేనట్టే. ఇద్దరూ ఒకేసారి రాస్తే పూల్ పాడైపోతుంది.

హోస్ట్ ఐడీ 32 బిట్లే. డెబియన్ లైనక్స్‌లో 'హోస్ట్‌ఐడీ' కమాండ్ కొట్టినప్పుడు 007ఎఫ్0101 అని వచ్చిందా? అది మీ మెషిన్ గుర్తింపు కాదు. ఈటీసీ (సెట్టింగుల ఫోల్డర్)లో హోస్ట్‌ఐడీ ఫైల్ లేనప్పుడు గ్లిబ్‌సీ అనే సిస్టమ్ లైబ్రరీ ఐపీ అడ్రస్ నుంచి అంకె తయారుచేస్తుంది. హోస్ట్‌నేమ్‌కి 127.0.1.1 అని రాసి ఉన్న ప్రతి మెషిన్‌లోనూ వచ్చేది ఇదే. దీన్ని తీసుకెళ్లి, ఆ ఫైల్ రాసే జెడ్ఎఫ్ఎస్ కమాండ్ జెడ్‌జెన్‌హోస్ట్‌ఐడీకి ఇవ్వకండి. ఆ కమాండ్‌ని ఊరికే నడిపితే చాలు, ర్యాండమ్ ఐడీ పుట్టించి ఫైల్‌లో రాస్తుంది.

నెట్‌వర్క్ కార్డుకుండే మ్యాక్ అడ్రస్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. కార్డు మారితే అదీ మారుతుంది. మదర్‌బోర్డు యూయూఐడీ (తయారీదారు బోర్డులో నింపే గుర్తింపు) ఓఎస్ మళ్లీ వేసినా నిలుస్తుంది, ఆ మేలు నిజమే. కానీ రూట్ యూజర్ (అడ్మిన్) తప్ప ఎవరూ చదవలేరు, పైగా తయారీదారు సరిగా నింపని బోర్డులూ ఉన్నాయి.

నా ఓటు సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు నడిపే ప్రోగ్రామ్) పెట్టే మెషిన్ ఐడీకే: 128 బిట్లు, 32 హెక్స్ అక్షరాలు. దీనికీ ఒక గండం ఉంది, క్లోనింగ్. ఒకసారి ఒకే ఇమేజ్ నుంచి రెండు వీఎంలు (వర్చువల్ మెషిన్లు) లేపితే రెండింటికీ ఒకే ఐపీ వచ్చింది. ఐపీ పంచే డీహెచ్‌సీపీకి చూపే గుర్తింపు మెషిన్ ఐడీ నుంచే తయారవుతోందని తెలిసేసరికి సాయంత్రమైంది. అప్పట్నుంచి ఇమేజ్ తీసేముందు మెషిన్ ఐడీ ఉండే ఫైల్‌ని ఖాళీ చేస్తున్నాను, తీసేయడం లేదు. మొదటి బూట్‌లో కొత్తది పడుతుంది.

మీ సొంత స్టోరేజ్ టూల్‌కి ఐడీ కావాలంటే మెషిన్ ఐడీని ఉన్నదున్నట్టు డిస్క్‌ మీద రాయకండి, అది బయటపెట్టాల్సింది కాదు. 'సిస్టమ్‌డీ-ఐడీ128' కమాండ్ యాప్‌కి వేరుగా ఒకటి తీసి ఇస్తుంది. జెడ్ఎఫ్ఎస్‌కైతే హోస్ట్ ఐడీ తప్పదు. రూట్ ఫైల్‌సిస్టమ్ (ఓఎస్ ఉండేది) కూడా జెడ్ఎఫ్ఎస్ మీదే ఉంటే, హోస్ట్‌ఐడీ ఫైల్ రాశాక ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్‌సిస్టమ్) మళ్లీ కట్టండి. లేదంటే బూట్‌లో పాత ఐడీయే చదువుతుంది.