నెల్లూరులో ఫోర్ బై ఫోర్ అద్దెకు తీసుకుంటే ముందు రెండో లివర్ చూడండి

నెల్లూరులో సెల్ఫ్ డ్రైవ్ కార్లు ఇచ్చే ఒకాయన ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే మహీంద్రా థార్ ఇస్తానని రోజుకు రూ.5,500 మాట్లాడుకున్నాడు. మామూలు థార్ అయితే రూ.4,000 అట. డిపాజిట్ ఇంకో రూ.10,000. మూడు రోజుల డబ్బు ముందే కట్టించుకుని, వెనక చక్రాలతోనే నడిచే బండి అంటగట్టాడు.

తాళాలు తీసుకునేటప్పుడే మా బావ అడిగాడు, ‘‘రెండో లివర్ ఏదండీ?’’ అని. బావకు ఆఫ్ రోడ్, అంటే రోడ్డు లేని చోట బండి నడపడమంటే ప్రాణం. ‘‘కొత్త మోడల్ సార్, అవసరమైతే దానంతటదే పడుతుంది’’ అన్నాడు ఆ మనిషి తడుముకోకుండా. పచ్చి అబద్ధం. 2020లో వచ్చిన థార్ ఫోర్ బై ఫోర్‌లో గేర్ రాడ్ పక్కనే ముందు చక్రాలను కలపడానికి ఇంకో లివర్ ఉంటుంది. 2023 జనవరిలో మహీంద్రా వాళ్లు తక్కువ ధరలో వెనక చక్రాల రకం కూడా తెచ్చారు. బయటికి రెండూ దాదాపు ఒకటే. రోడ్డు మీదకు అదీ మంచి బండే, దాని మీద నాకేమీ ఫిర్యాదు లేదు. లేనిదాన్ని ఉందని చెప్పి రోజుకు రూ.1,500 ఎక్కువ గుంజడం మీదే నా కోపమంతా.

మైపాడు దాటాక సరుగుడు తోటల మధ్య ఇసుక బాటలో సంగతి బయటపడింది. యాక్సిలేటర్ తొక్కేకొద్దీ వెనక చక్రాలు గుంట తవ్వుకుని దిగిపోయాయి. ముందు చక్రాలు కదల్లేదు. కాసేపటికి బండి అడుగు ఇసుకకు ఆనుకుంది. ఫోన్ చేస్తే, ‘‘ఇసుకలోకి మిమ్మల్ని ఎవరు పొమ్మన్నారు?’’ అని పెట్టేశాడు. దారిన పోయే ట్రాక్టర్ అతను లాగడానికి రూ.3,000 అడిగాడు. బావ ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. ఎండలో పిల్లలతో అక్కకు టెన్షన్.

అప్పుడొచ్చింది ఒక పాత జీపు, రొయ్యల గుంటలకు మేత మూటలు వేసుకుని. ఎత్తు బానెట్ సీజే 3బీ రకం. మిలటరీ వేలంలో కొన్నదట. నేల మీద మూడు లివర్లు: ఒకటి గేర్లకు, ఒకటి ముందు చక్రాలను కలపడానికి, ఒకటి లో రేంజికి. బావ ముఖం వెలిగిపోయింది.

‘‘ఏంది నాయనా, గాలి తీయకుండానే వచ్చారా?’’ అంటూ దిగాడు పెద్దాయన. ముందు మా టైర్లలో గాలి 15 పీఎస్ఐకి దింపించాడు. గాలి తగ్గితే టైరు పరుచుకుంటుంది, బరువు ఎక్కువ మేర ఇసుక మీద పరుచుకుని బండి కూరుకుపోదు. చక్రాల వెనక ఇసుక చేతులతో తోడించి, తాడు కట్టి, లో రేంజిలో ఫస్ట్ గేరు వేశాడు. లో రేంజిలో చక్రాల వేగం దాదాపు రెండున్నర రెట్లు తగ్గి, ఆ మేరకు లాగే బలం పెరుగుతుంది. జీపు ఒక్క చక్రం కూడా జారకుండా, మనిషి నడకలా మెల్లగా కదిలింది. మా బండి వెనక్కి వచ్చేసింది.

ఆ జీపుకు పెద్ద చరిత్రే ఉంది. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి బండి కావాలంటే మొదట బాంటమ్ కంపెనీ నమూనా చేసి ఇచ్చింది. యుద్ధం ముగిసేలోపు విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా చేశాయి. 1947లో మహీంద్రా వాళ్లు విడిభాగాలు తెప్పించి ముంబైలో బిగించడం మొదలుపెట్టారు. అమెరికాలో సరదా కోసం జీపులు గుంపుగా రూబికాన్ కొండదారి ఎక్కే జీపర్స్ జాంబోరీ 1953 నాటిది. ఒంటరి బండితో పోకూడదు, ఇరుక్కున్నవాణ్ణి వదిలి రాకూడదు అన్నది ఇలా తిరిగేవాళ్లంతా పాటించే పద్ధతి. మేత మూటల జీపు పెద్దాయన కూడా అదే పాటించాడు. డీజిల్‌కని రూ.500 బలవంతంగా జేబులో పెట్టాం. వద్దన్నాడు, పైగా ఇంటికి పిలిచి చేపల పులుసు పెట్టించాడు. మామిడికాయ వేసిన ఆ పులుసు ముందు, ముందురోజు టౌన్‌లో ప్లేటు రూ.320కి తిన్నది దండగ.

మిగతా రెండు రోజులూ హాయిగా గడిచాయి. ఉదయగిరిలో గది రూ.900, శుభ్రంగా ఉంది, నీళ్లు మాత్రం పొద్దున్నే పట్టుకోవాలి. దుర్గం ఎక్కాలంటే తెల్లవారకముందే బయలుదేరండి. కింద చెక్క గరిటెలు తప్పకుండా కొనండి. భైరవకోనలో కొండ తొలిచిన ఎనిమిది శివాలయాలూ చూశాం. దారిలో బండికి ఎక్కడా ఇబ్బంది రాలేదు.

తిరిగొచ్చాక మూడు రోజులకూ ఎక్కువ తీసుకున్న రూ.4,500 అడిగాం. గంటసేపు వాదించాక రూ.3,000 చేతిలో పెట్టి, మిగతాది ఇసుక కడిగించడానికి అన్నాడు. కడుగుడుకు రూ.1,500 ఎక్కడా కాదు. మీరు డబ్బు కట్టకముందే లివర్‌ను ఫోర్ లోలో, అంటే నాలుగు చక్రాలూ లో రేంజిలో నడిచేలా వేయించి, డ్యాష్‌బోర్డులో గుర్తు వెలగడం వీడియో తీసుకోండి. వీడియో వద్దన్నాడంటే అక్కడి నుంచి వచ్చేయండి.