ఆగింది కరెంటు, మిషను కాదు: నాలుగంగుళాల గ్రైండింగ్ మిషనుతో మూడున్నరేళ్లు

ఇనుము కొయ్యడానికీ అరగదీయడానికీ చేత్తో పట్టుకుని వాడే ఈ చక్రం మిషను కొన్న కొత్తలో దాని స్విచ్చు గురించి నేను చెయ్యని ప్రచారం లేదు. ఎడమ పక్కన, బొటనవేలికి అందేచోట ఉంటుంది. ముందుకు తోసి దాని ముందు కొస నొక్కితే అక్కడే బిగుసుకుంటుంది. ఇక పావుగంటైనా అరగంటైనా వేలితో అదిమి పట్టుకోనక్కర లేదు. ఆపాలంటే వెనకవైపు కాస్త నొక్కితే టక్కున వెనక్కి వచ్చేస్తుంది. భవానీపురంలోని మా పాత ఇంటి కిటికీ గ్రిల్లులన్నిటికీ తుప్పు వదిలించి రెడ్ ఆక్సైడ్ పూసింది ఈ సుఖం చూసుకునే. ఇప్పుడు ఆ స్విచ్చు మీద ఉన్నంత కోపం నాకు ఇంకే వస్తువు మీదా లేదు.

కంపెనీ పేరు చెప్పను. ఈ ధరలో దొరికే చాలా మిషన్లకు ఇదే రకం స్విచ్చు ఉంటుంది. బరువు, వాట్లు వగైరా పెట్టె మీద ఉన్నవే. గ్రైండరు కొన్నానంటే మా ఆవిడ ఇడ్లీపిండి ఇక మెత్తగా వస్తుందని సంబరపడింది, ఆ ముచ్చట అలా ఉంచండి.

పోయిన వేసవి సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజు డాబా మీద అలాగే ఉంది. నీడకు మెట్ల గది పక్కన బల్ల వేసుకుని పాత గేటు అతుకుల మీది బొడిపెలు అరగదీస్తున్నాను. పదకొండు దాటాక కరెంటు పోయింది. చేతిలో మిషను హుష్షుమని మందగించి ఆగిపోయింది. దాన్ని బల్ల మీద పెట్టాను, మెడలోని తువ్వాలు తీసి దాని పక్కనే పడేశాను, మజ్జిగ తాగడానికి కిందికి దిగాను. స్విచ్చు వెనక్కి నొక్కాలన్న ఆలోచనే రాలేదు. ఆగిపోయిన మిషనును మళ్లీ ఆపడమేమిటి?

ఇరవై నిమిషాల తర్వాత హాల్లో ఫ్యానూ, డాబా మీద మిషనూ ఒకేసారి మొదలయ్యాయి.

ఆ చప్పుడు నాకు అర్థమయ్యేసరికి గ్లాసు చేతిలోనే ఉంది. మెట్లెక్కి చూస్తే మిషను బల్ల మీద లేదు. కింద పడి, గొలుసుకు కట్టిన కుక్కలా తన వైరు చుట్టూ తానే గంతులేస్తోంది. పడ్డ ప్రతి చోటా పెంకు మీద అర్ధచంద్రాకారంలో ఒక గాటు. తువ్వాలు దానితోపాటే కింద పడినట్టుంది, నా కళ్లముందే ఒక కొస చక్రానికి తగులుకుంది. రెప్పపాటులో మొత్తం బట్టను లోపలికి లాక్కుని, బిగుసుకుపోయి, మూలగడం మొదలుపెట్టింది. మోటారు తీగల మీది వార్నిష్ కాలిన వాసన. ప్లగ్గు మెట్ల గది గోడకు ఉండబట్టి దగ్గరికి వెళ్లకుండానే పీకగలిగాను. అది నా తెలివి కాదు, ఇల్లు కట్టిన మేస్త్రి చలవ.

తర్వాత తాపీగా లెక్క వేశాను. నాలుగంగుళాల చక్రం నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతున్నట్టు. అదే తువ్వాలు నా మెడలో ఉండి, నేను మిషను మీదికి వంగి ఉంటే? ఆ లెక్క వెయ్యలేదు.

వైరు పైతొడుగు ఒకచోట చీలి లోపలి నీలం తీగ బయటపడింది. ఆటోనగర్‌లో ఎప్పుడూ కార్బన్లు (మోటారులో అరిగిపోయే బొగ్గు ముక్కలు) మార్పించే చోటికే తీసుకెళ్లి, స్విచ్చు కూడా పాడైనట్టుంది చూడమన్నాను. మెకానిక్కు విప్పి చూసి నవ్వాడు.

"స్విచ్చుకేమీ కాలేదండీ. మీరే ఆపలేదు."

"కరెంటు పోగానే ఆగింది కదయ్యా!"

"మిషను ఆగలేదండీ, కరెంటు ఆగింది."

దానికి నా దగ్గర జవాబు లేదు. పట్టుకున్నంతసేపే నడిచి, చెయ్యి వదలగానే ఆగిపోయే స్విచ్చున్న మిషన్లు ఉన్నాయనీ, కాస్త ఖరీదైన వాటిలో కరెంటు పోయి వచ్చినా తమంతట తాము తిరగకుండా ఏర్పాటు ఉంటుందనీ అప్పుడు చెప్పాడు. ఇంత చెప్పినవాడే నా మిషను చక్రానికి రక్షణగా ఉండే రేకు గార్డు ఉండటం చూసి, "ఇదెందుకండీ అడ్డం, తీసేయనా?" అన్నాడు. ఆ వీధిలో గార్డు ఉన్న మిషను నాకూ ఒక్కటి కనబడలేదు. తియ్యనివ్వలేదు.

మందు దొరికింది మాత్రం గుంటూరు వైపు వ్యవసాయం చేసే మా బావమరిది దగ్గర. కథంతా విని, "బోరు మోటారుకున్నట్టు దీనికీ ఒక స్టార్టరు పెట్టుకో బావా. ఆటో స్టార్టరు కాదు సుమా!" అన్నాడు. రాత్రిపూట ఎప్పుడో వచ్చే కరెంటుకు మోటారు దానంతటదే లేవాలని రైతులు ఆటో స్టార్టరు పెట్టుకుంటారు. నా మిషను పుట్టుకతోనే ఆటో స్టార్టరన్నమాట. మామూలు స్టార్టరు అలా కాదు. దాని కాయిలుకు కరెంటు అందినంతసేపే పట్టుకుని ఉంటుంది, పోతే వదిలేస్తుంది. కరెంటు మళ్లీ వచ్చినా పచ్చ బటను నొక్కేదాకా కదలదు. ఎలక్ట్రీషియన్‌తో సింగిల్ ఫేజ్‌ది చిన్నది ఒకటి చెక్క బోర్డు మీద, పక్కన సాకెట్టుతో బిగించుకున్నాను. కూలితో కలిపి 1,400 రూపాయలైంది. కరెంటు పోయినప్పుడల్లా అది 'టక్'మని వదిలే చప్పుడు వినడం నాకొక సరదా అయిపోయింది. పచ్చ బటను నొక్కే ముందు మిషను స్విచ్చు వెనక్కి ఉందో లేదో చూసుకోవడం మాత్రం మన పనే, అది బోర్డుకు తెలియదు.

స్విచ్చును మెచ్చుకున్న నోటితోనే ఇంకో రెండు మాటలు కూడా అనేశాను, సవరించుకోవాలి. కటింగ్ వీల్స్ పాతిక ఒకేసారి కొంటే చవక అని చాలామందికి చెప్పాను. చవకే. కానీ నేను వాటిని బాత్‌రూము పక్క అలమరలో పెట్టాను. చక్రం మధ్యనున్న రేకు రింగు మీద నెల, సంవత్సరం వేసి ఉంటాయని, అది గడువు తేదీ అని చాలాకాలం గమనించనే లేదు. చక్రంలోని గరుకు పొడిని పట్టి ఉంచే రెజిన్ అనే జిగురుకు తేమ తగిలితే బలం తగ్గుతుంది. పదకొండు చక్రాలు పారేశాను. ఇప్పుడు నాలుగైదుకు మించి కొనను. కొత్తది బిగించాక పక్కకు నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పి చూస్తాను.

రెండోది రవ్వలు. చిచ్చుబుడ్డిలా ఎంత అందంగా ఉన్నాయో అని ఫోనులో తీసి చుట్టాలకు పంపాను. అవి పడిన తెల్ల టైల్స్ మీద మొదటి వాన తర్వాత మిరియాల పొడి చల్లినట్టు తుప్పు చుక్కలు లేచాయి. ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు. అవి కాలుతూ వచ్చి అతుక్కున్న ఇనుప రజను. గాజుకైనా అంతే, కాబట్టి కారు అద్దం వైపు తిప్పకండి.

కొనమంటారా అని అడిగితే సూటిగా చెప్పలేను. మోటారుకు వంక పెట్టక్కర లేదు, ఇన్నేళ్లలో రెండు జతల కార్బన్లు తప్ప ఏమీ అడగలేదు. మీ ఇంట్లో కరెంటు పోదనుకుంటే, లేదా నాలా బోర్డు ఖర్చు పెట్టుకోగలిగితే, మంచిదే. పిల్లలు తిరిగే ఇంటికైతే చెయ్యి వదిలితే ఆగేదే కొనమంటాను. నేను మార్చుకోకపోవడానికి కారణం నా కుడిచెయ్యి: పాత దెబ్బ వల్ల పది నిమిషాలు గట్టిగా బిగించి పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి.

మా బావమరిది పొలం షెడ్డు పనికి ఈ మిషను రెండు నెలలుగా అడుగుతున్నాడు. బోర్డుతో సహా అయితేనే ఇస్తానన్నాను. బండి మీద బోర్డు మోసుకెళ్లడం కష్టమట.