మాండుబీల ఊరు: అలేసియాలో రెండు రోజులు

రోమన్ సేనాని జూలియస్ సీజర్ రాసిన గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధాల వృత్తాంతంలో మాండుబీలు అనే చిన్న తెగ పేరు మూడు చోట్ల వస్తుంది. మొదట వాళ్ళ ఊరు చెప్పడానికి: అలేసియా మాండుబీల పట్టణం అని. తర్వాత వాళ్ళ పశువుల సంగతి చెప్పడానికి. చివరికి, వాళ్ళ ఊళ్ళోంచి వాళ్ళనే బయటికి గెంటేసినప్పుడు. ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతంలో ఉన్న ఆ ఊరిని చూడటానికి నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఒక్కదాన్నే రైల్లో, రెండోసారి ఒంగోలు నుంచి వచ్చిన నాన్నతో కారులో. వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ప్రయాణం. దిజోన్ నగరం నుంచి ప్రాంతీయ రైలు ఎక్కితే లే లోమ్ అలేసియా స్టేషన్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి మైదానంలో ఉన్న మ్యూజియం దాకా నడిచి వెళ్ళిపోగలం. ఇబ్బంది ఆ తర్వాతే. తవ్వకాల్లో బయటపడిన పాత పట్టణం ఓసువా అనే కొండ మీద ఉంది, మ్యూజియం కింద ఉంది. రెంటికీ మధ్య మూడు కిలోమీటర్ల దాకా ఎత్తుబాట. స్టేషన్ బయట ఆటోల్లాంటివేమీ దొరకవు, టాక్సీ ముందే మాట్లాడుకోవాలి. పెద్దవాళ్ళతో అయితే దిజోన్‌లో కారు అద్దెకి తీసుకోండి, ఇంకో ఆలోచన వద్దు.

బస విషయంలో మాకు దెబ్బ తగిలింది. ఒక ఇంట్లో గది తీసుకున్నాం. రాత్రికి శాకాహారం వండిపెడతామని ఫోన్‌లో చెప్పారు. తీరా వెళ్ళాక ఆ రోజు వంట లేదన్నారు. సోమవారం సాయంత్రం, చుట్టుపక్కల ఒక్క హోటలూ తెరిచి లేదు. నాన్న సంచిలో ఉన్న మాగాయ, నేను తెచ్చిన బ్రెడ్ తిని పడుకున్నాం. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి ప్రయాణం చేసొచ్చిన రాత్రి అన్నం పెట్టలేకపోయానని నాకు చాలా బాధేసింది. మర్నాడే వంటగది ఉన్న చిన్న అద్దె ఇంటికి మారిపోయాం. ఇలాంటివాటిని అక్కడ ‘జీత్’ అంటారు. మన తిండి అలవాట్లకి అదే మేలు. సెమ్యూర్ పట్టణంలో హోటళ్ళు ఎక్కువే. నది ఒడ్డున బురుజులతో ఊరు కూడా బాగుంటుంది, కాకపోతే కారు లేకుండా అక్కడ బస పెట్టుకుంటే రోజంతా రాకపోకలకే సరిపోతుంది.

మ్యూజియం 2012లో తెరిచారు. గుండ్రటి భవనం, చుట్టూ చెక్క అల్లిక, పైకప్పు మీద చెట్లు. వాస్తుశిల్పి బెర్నార్ చూమీ కట్టడం. లోపల ఇంగ్లీషు వివరణలున్నాయి, ఫ్రెంచ్ రాకపోయినా ఫరవాలేదు. చలికాలంలో కొన్నాళ్ళు మూసేస్తారు, చూసుకుని వెళ్ళండి. టికెట్ తీసుకునేటప్పుడు కొండ మీది శిథిలాలకి కూడా కలిపే తీసుకోండి. ఇక్కడ మిస్ కాకూడనిది బయట ఉంది: రోమన్ల ముట్టడి గోడలో వంద మీటర్ల ముక్కని నిజం కొలతల్లో మళ్ళీ కట్టారు.

క్రీ.పూ. 52లో రోమన్ల మీదికి గాల్ తెగల్ని కూడగట్టిన వెర్సింజెటోరిక్స్ ఓడి వెనక్కి వచ్చి ఈ కొండ మీది పట్టణంలోనే తలదాచుకున్నాడు. సీజర్ లెక్క ప్రకారం అతనితో 80,000 మంది సైనికులు, 30 రోజులకి బొటాబొటిగా సరిపోయే గింజలు. సీజర్ కొండ ఎక్కలేదు. కొండ చుట్టూ లోపలి వరస సుమారు 15 కిలోమీటర్లు, బయటి నుంచి వచ్చే సాయాన్ని ఆపడానికి ఇంకో వరస సుమారు 21 కిలోమీటర్లు కట్టించాడు. కందకాలు, కట్ట, ప్రతి 80 అడుగులకీ ఒక బురుజు. వాటి ముందు మూడడుగుల లోతు గుంటల్లో మొన చెక్కిన కర్రలు నిలబెట్టి పైన తుప్పలు కప్పారు. ఆకారం చూసి సైనికులు వాటిని లిల్లీ పువ్వులన్నారట. నాన్న ఆ గుంట పక్కన కూర్చుని లోపలికి చెయ్యి పెట్టి చూశారు. “అడవిపందికి తవ్వినట్టు తవ్వారమ్మా, మనుషులకి” అన్నారు.

పైన పాత పట్టణంలో నాటకశాల, సభాస్థలం, గుడి, ఇళ్ళ పునాదులు కనిపిస్తాయి. చాలావరకు యుద్ధం తర్వాతి రోమన్ కాలానివే. ఒక గంట చాలనుకుని వెళ్తే పొరపాటు. ఉక్వేటిస్ కట్టడం దగ్గర తీరిగ్గా ఆగండి. ఉక్వేటిస్, బెర్గూసియా ఇక్కడి లోహకారుల దేవుడు, దేవత. 1839లో దొరికిన ఒక రాతి మీద అలీసియా (అంటే అలేసియా) అని ఊరు పేరు, ఉక్వేటిస్ పేరు, కమ్మరుల ప్రస్తావన ఉన్నాయి. అక్షరాలు రోమన్లవి, భాష మాత్రం గాల్ భాషే. అంటే ఓడిపోయాక కూడా ఈ కొండ మీద ఆ భాష బతికింది, ఆ కొలిమీ బతికింది. గుర్రపు అలంకారాల మీద వెండి పూత వేసే పని అలేసియా ఊళ్ళో సాగిందని రోమన్ రచయిత ప్లీనీ కూడా రాశాడు. ఈ తెగ చేతిపని ఒకటైనా చరిత్రలో మిగిలిందన్నది నాకు ఈ యాత్రలో దొరికిన పెద్ద సంతోషం.

విగ్రహం గురించి ఎక్కువ చెప్పను. మూడో నెపోలియన్ 1865లో పెట్టించిన వెర్సింజెటోరిక్స్ విగ్రహం కొండ అంచున ఉంది. దాని కిందనుంచి మైదానం బాగా కనిపిస్తుంది. ఆ చక్రవర్తి తవ్వించినప్పుడు దొరికిన గొప్ప వస్తువులు చాలావరకు ఇక్కడ లేవు. పారిస్ పక్కన సాన్-జెర్మాన్-ఆన్-లే కోటలో ఉన్న జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. కందకంలో దొరికిన వెండి పాత్ర కోసమైనా అక్కడికి వెళ్ళాలి. అలేసియా వేరేచోట ఉందని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1990లలో ఫ్రెంచ్, జర్మన్ పురావస్తువేత్తలు కలిసి తవ్వినప్పుడు ఇక్కడి కందకాలు మళ్ళీ తేలాయి. సీజర్ సేనాని లాబియేనస్ పేరు అచ్చు వేసిన వడిసెల గుండ్లు కూడా ఇక్కడ దొరికాయి. నాకు ఆ సాక్ష్యం చాలు.

రెండో రోజు ఫ్లావిన్యీ అనే పక్క ఊరు. అక్కడి మఠం క్రీ.శ. 719 నాటిది. అందులోనే సోంపు మిఠాయి తయారవుతుంది. ఒక్కో సోంపు గింజ మీద పాకం పొరలు పొరలుగా పట్టించి, బఠాణీ గింజంత చేస్తారు. నాన్న ఒకటి నోట్లో వేసుకుని చప్పరిస్తూ చప్పరిస్తూ చివర గింజ నాలిక మీదికి రాగానే, “తిరునాళ్ళలో కొనిచ్చే జీలకర్ర మిఠాయేగా!” అన్నారు. ఆరు డబ్బాలు కొన్నాం.

ఫ్లావిన్యీ ఉన్న కొండ మీద కూడా సీజర్ సైన్యం దిగింది. అక్కడి నుంచి ఓజ్‌రాన్ వాగు లోయలోకి దిగి, అవతల ఓసువా కొండ కింద కారు ఆపాం. పచ్చిక మీద తెల్లటి షారోలే ఆవులు మేస్తున్నాయి. “రంగు మన ఒంగోలు గిత్తదే, మూపురం లేదంతే” అని నాన్న కంచె దగ్గరికి నడిచారు. అప్పుడు నేను సీజర్ రాసింది చెప్పాను. మాండుబీలు తమ పశువుల్ని పెద్ద మందలుగా ఊళ్ళోకి తోలుకొచ్చారని, వాటిని సైనికులకి తలా ఇంత అని పంచేశారని.

“మరి వాళ్ళకేం మిగిల్చారు?” అన్నారు నాన్న.

గింజలు అయిపోయాయి. యుద్ధానికి పనికిరానివాళ్ళని తిని బతుకుదామని క్రిటోగ్నాటస్ అనే పెద్దమనిషి సభలో అన్నాడు. ఆఖరికి ఆ పని చెయ్యలేదు. పోరాడలేనివాళ్ళని బయటికి పంపాలనుకున్నారు. ఆశ్రయం ఇచ్చిన మాండుబీలని, పెళ్ళాం పిల్లలతో సహా, వాళ్ళ ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. వాళ్ళు రోమన్ కట్ట దగ్గరికొచ్చి ఏడుస్తూ, బానిసలుగానైనా తీసుకోండి, తిండి పెట్టండి అని బతిమాలారు. రానివ్వొద్దని సీజర్ కాపలా పెట్టించాడు. అక్కడితో వాళ్ళ మాట ఆగిపోయింది. వెర్సింజెటోరిక్స్ లొంగిపోయాక ఎడ్యూయీ, ఆర్వెర్నీ తెగల ఖైదీల్ని తిరిగిచ్చినట్టు, మిగతా ఖైదీల్ని సైనికులకి తలా ఒకరిని పంచినట్టు సీజర్ రాశాడు గానీ, మాండుబీలు ఏమయ్యారో రాయలేదు.

“ఎక్కడ నిలబడుంటారు వాళ్ళు?” అన్నారు నాన్న. కొండకీ కందకానికీ మధ్య, అంటే ఇంచుమించు మేం నిలబడ్డ చోటే అన్నాను. ఆయన కొండ వైపు చూశారు, మళ్ళీ వెనక్కి తిరిగి లోయ వైపు చూశారు. తర్వాత కారు దాకా నడిచి, మిఠాయి డబ్బా ఒకటి తెచ్చి, మూత తీసి, కొన్ని గింజలు ఆ పచ్చికలో వేశారు.